వంతు కాని రోజు

సిస్టర్ల మఠంలో చేరతానని చెప్పిన రోజు తండ్రి ఆమెను దేవుడి గురించి ఒక్క మాట అడగలేదు. కంచంలోంచి తలెత్తి, "మరి వంట?" అన్నాడు.

ఆయన ముందున్న కంచం, పక్కన మంచినీళ్ల గ్లాసు, వెనక దండెం మీద ఆరిన చొక్కా, అన్నీ ఆమె చేతి మీదుగా వచ్చినవే. పదమూడేళ్లుగా అలాగే వస్తున్నాయి. ఆయన కోతమిల్లులో పనిచేస్తాడు. తలనిండా రంపపు పొట్టుతో వచ్చి కూర్చుంటాడు, తిని పడుకుంటాడు. చెడ్డవాడేం కాదు. ఇల్లు దానంతట అదే నడుస్తుందనుకునే మనిషి.

కబురు మేనత్త చెవిన పడటానికి రెండు రోజులు పట్టలేదు. "ఇరవై రెండేళ్లకే ఒళ్లు బరువెక్కిందా నీకు?" అంది గుమ్మంలో చెప్పులు విడుస్తూనే. "ఇంటెడు చాకిరీ తప్పించుకోడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటున్నావు. మేమంతా చెయ్యట్లేదా? నా మోకాళ్లు చూడు."

చీర కాస్త పైకి లాగి చూపించింది కూడా. నిజంగానే వాచి ఉన్నాయి. ఆమె లేచి నీళ్లు కాచి, గుడ్డ ముంచి పిండి, అత్త మోకాళ్లకు కాపడం పెట్టింది. పెడుతూ ఆలోచించింది. అత్త అన్నది నిజమేనా? రోజూ పొద్దున్నే నలుగురి మంచాలు సర్ది, నలుగురికి వండి, పనికి పరుగెత్తి, తిరిగొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే మనిషికి మఠం గేటు అందంగా కనపడటంలో వింతేముంది? ఆ గేటు లోపలున్నది దేవుడా, ఒక పూట విశ్రాంతా? ఆ ఒక్కటి తేలకుండా అడుగు వెయ్యకూడదనుకుంది.

వీధిలో ఆమెను బామ్మ అంటారు. తొమ్మిదో ఏట వచ్చిన పేరది. ఆ ఏడాది తల్లి బట్టలుతుకుతూ పడిపోయింది. ఎడమపక్క చచ్చుబడింది, మాట పోయింది. పెద్ద తమ్ముడికి అప్పుడు ఆరేళ్లు, చిన్నవాడికి మూడు. ఇంటి పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. అందరూ ఆమె వైపు చూశారు, అంతే. పొయ్యి అందకపోతే పీట వేసుకుంది. బడికి వారంలో మూడు రోజులు వెళ్లింది, తర్వాత రెండు రోజులు, తర్వాత మానేసింది. ఒకరోజు పీట మీద నిలబడి గరిటె తిప్పుతూ, "ఒరేయ్, పళ్లు తోముకున్నావా? ఏదీ, నోరు తెరువు" అని తమ్ముణ్ణి గదమాయిస్తుంటే, పక్కింటావిడ కిటికీలోంచి విని, "మీ ఇంటికి బామ్మ లేని లోటు తీరిందే!" అని నవ్వింది. పేరు అలా నిలిచిపోయింది. అందరూ ముచ్చటపడ్డారు. ఆ పీట ఎత్తు చాలుతోందా అని అడిగినవాళ్లు లేరు.

తల్లిని మూటలా దొర్లించేవాళ్లు. మేనత్త "అటు తిరుగు వదినా" అంటూనే తిప్పేసేది. తండ్రీ అంతే. చూసి ఆమె కూడా అలాగే నేర్చుకుంది.

కొన్నాళ్లకు తల్లి వీపు మీది పుండ్లకు కట్టు కట్టడానికి మఠం నుంచి నర్సు సిస్టర్ రావడం మొదలైంది, వారానికి రెండుసార్లు. పొట్టి మనిషి. సైకిలు దిగుతూ ప్రతిసారీ ఎవరో ఒకరిని తిట్టేది, ఎక్కువగా ఆ సైకిల్నే. మంచం దగ్గరికొచ్చాక మాత్రం తొందర ఉండేది కాదు. ముందు అరచేతులు రుద్దుకుని వేడి చేసుకునేది. తల్లి కళ్లలోకి చూసి, "అమ్మగారూ, మిమ్మల్ని కుడివైపుకి తిప్పనా?" అనేది. అడిగి ఆగేది.

"అమ్మకి మాట రాదుగా సిస్టర్," అంది ఆమె ఒకసారి.

"రెప్ప వేసింది, చూళ్లేదూ? ఆగితే కనపడుతుందే."

ఆ రోజు ఆమె ఆగి చూసింది. తల్లి రెప్ప ఆడింది. అంతకుముందు ఎన్నిసార్లు ఆడిందో.

కట్టు కడుతూ సిస్టర్ మరియతల్లి కథ చెప్పింది. దేవదూత వచ్చాడు, దేవుడి బిడ్డకు తల్లివి కావాలని కబురు చెప్పాడు, ఆ పిల్ల సరేననేదాకా అక్కడే నిలబడ్డాడు. "అంత పెద్ద దేవుడు ఒక ఆడపిల్ల ఒప్పుకునేదాకా ఆగాడు బామ్మా. మనకేం తొందర, చెప్పు?"

తల్లి మరో నాలుగేళ్లు బతికింది. ఆ నాలుగేళ్లూ ఆమె చేతులు వేడి చేసుకుని, అడిగి, ఆగింది. ఇప్పుడు ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేస్తూ కూడా ఆ అలవాటు పోలేదు. అక్కడ మనుషులను మంచం నంబరుతో పిలుస్తారు. "ఏడో నంబర్‌ని బతిమాలుతూ కూర్చో, మిగతావాళ్లకి నేను తుడుస్తాలే," అని హెడ్ నర్సు రోజూ దెప్పుతుంది.

చేర్చుకునే ముందు వారం రోజులు ఉండి చూడమన్నారు మఠంలో. మొదటి రోజు భోజనాలయ్యాక ఆమె అలవాటుగా అందరి కంచాలూ పోగుచేసి తొట్టి వైపు నడిచింది.

"అవక్కడ పెట్టెయ్యమ్మా," అన్నారు మదర్, ఆ మఠానికి పెద్ద. "ఈరోజు నీ వంతు కాదు."

ఆమె కంచాలతో అలాగే నిలబడిపోయింది. ఎవరో వచ్చి చేతిలోంచి తీసుకున్నారు. ఆ మధ్యాహ్నమంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మర్నాడు భోజనం తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయి, ఉలిక్కిపడి లేచి వంటింటికి పరుగెత్తింది. అక్కడ ఎనభై ఏళ్ల సిస్టర్ ఒకావిడ ఉల్లిపాయలు తరుగుతూ, "ఏమిటే, ఇల్లు అంటుకుందా?" అంది.

మూడో రోజు మదర్‌తో చెప్పేసింది. "మా అత్త అంటోంది, పని తప్పించుకోడానికే వస్తున్నానని. నాకూ అలాగే అనిపిస్తోంది మదర్. ఇక్కడ నిద్ర బాగా పడుతోంది."

మదర్ నవ్వి గోడ మీది కాగితం చూపించారు. వారంలో ఏ పని ఎవరి వంతో అందులో రాసి ఉంది. "గురువారం మరుగుదొడ్లు ఎవరివో చదువు."

"మీవి."

"పని తప్పించుకోవాలంటే ఇల్లు తప్పొచ్చావు తల్లీ. అలిసిపోయినవాళ్లు నిద్రపోతారు, అందులో పాపం లేదు. బాగా నిద్రపో. లేచాక, ఎవరూ ఏమీ చెయ్యమననప్పుడు నీ కాళ్లు ఎటు వెళ్తాయో చూసుకో. ఇంటికే వెళ్తే వెళ్లు. దేవుడు అడుగుతాడేగాని, లాక్కురాడు."

అయిదో రోజుకు నిద్ర తీరింది. మధ్యాహ్నం వరండాలో కూర్చుంది. కాసేపటికి లేచి, పెరటి వెనక మంచాన పడ్డ ముసలమ్మలుండే గదిలోకి వెళ్లింది. అక్కడ ఆరోజు ఆమె వంతు కాదు. కిటికీ పక్క మంచం మీద ఒకావిడ గోడవైపు తిరిగి ఉంది. ఆమె చేతులు రుద్దుకుని, వంగి, "ఇటు తిప్పనా పెద్దమ్మా?" అంది.

"వద్దు."

"సరే," అని స్టూలు లాక్కుని కూర్చుంది. చాలాసేపు గడిచింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ చూడటం లేదు. అక్కణ్ణుంచి లేవాలని ఆమెకు అనిపించలేదు. తొమ్మిదేళ్లప్పుడు చేసిందీ ఇదే. అప్పుడు నీకిష్టమేనా అని ఆమెనెవరూ అడగలేదు.

"ఉన్నావా, వెళ్లావా?" అంది ముసలమ్మ గోడతోనే.

"ఉన్నాను."

"అయితే ఇప్పుడు తిప్పు."

ఇంటికి తిరిగొచ్చాక తమ్ముడి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి గీతలు గీసింది. సోమ, గురు: నాన్న. మంగళ, శుక్ర: పెద్దోడు. బుధ, శని: చిన్నోడు. ఆదివారం: ముగ్గురూ. పొయ్యి పైన గోడకు అంటించి, పది రోజులు ముగ్గురికీ దగ్గరుండి నేర్పింది. పెద్దోడు పప్పు మాడ్చాడు. చిన్నోడు అక్క కంటే తనకే బాగా కుదిరిందని వీధంతా చెప్పుకున్నాడు. మేనత్త కాగితం కింద నిలబడి, "మగాళ్ల చేత ఇదేం పనే!" అని బుగ్గలు నొక్కుకుంది కానీ, వెళ్తూ వెళ్తూ ఒక తెల్లకాగితం అడిగి తీసుకుంది.

వెళ్లే రోజు సోమవారం. సంచి గుమ్మం దగ్గర ఉంది. తండ్రి బియ్యం కడిగి, గిన్నెలో వేలు ముంచి లోతు చూశాడు. చాలవని మరో చెంబు పోశాడు. నీళ్లు ఎక్కువైపోయాయి. ఆమె చెయ్యి గిన్నె వైపు దానంతట అదే సాగింది. వెనక్కి తీసుకుంది.

"కాస్త నువ్వు చూడొచ్చుగా," అన్నాడు.

"ఈరోజు నా వంతు కాదు నాన్నా."

ఆయన గోడ మీది కాగితం పైనుంచి కింది దాకా చదివాడు. ఎక్కడా ఆమె లేదు. తడి చేతులు పంచెకు తుడుచుకుని ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"వెళ్లాలని ఉందా తల్లీ?"

అడిగి ఆగాడు. ఆమె అమ్మలాగే రెప్ప వేసింది.

ఆయన చూశాడు.