చిన్న ద్వారం వెనక సందు

కొండ కింద బస్సులు ఆగే చోట గొడుగంత గది ఒకటుంది. కోట చూడవచ్చినవాళ్లకు అందులో కూర్చుని దారి చెప్పడమే ఆమె ఉద్యోగం. ఊళ్లోవాళ్లు ఆమెకు సలహాలమ్మ అని పేరు పెట్టారు.

"ఎత్తు మడమల చెప్పులు వద్దమ్మా, పైన రాళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. సీసాలు ఇక్కడే నింపుకోండి. కారు కోట ద్వారం దాటదండీ, బతిమాలినా దాటదు. గోడ ఎక్కాలంటే ఎండ ముదరకముందే ఎక్కండి, పిల్లల చెయ్యి మాత్రం వదలొద్దు."

ఇవన్నీ గది బయట బోర్డు మీద కూడా తన గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టింది. పోయిన వేసవిలో ముచ్చటపడి చివర ఇంకో మాట చేర్చింది. పెద్ద ద్వారం దగ్గర రద్దీగా ఉంటే వెనకవైపు చిన్న ద్వారంలోంచి వెళ్లమనీ, కోట లోపలి ఊరు మొత్తంలో అందమైన సందు అక్కడే ఉందనీ. ఆమె పుట్టి పెరిగిన సందు అది. ఇప్పుడు ఆ ఇంట్లో అక్కా బావా ఉంటున్నారు.

ఒకరోజు కిటికీ ముందు వరుసలో అక్క నిలబడి ఉంది. కొండ దిగడమంటేనే విసుక్కునే మనిషి. తన వంతు వచ్చేదాకా ఆగి, చువ్వలు పట్టుకుంది.

"నాక్కూడా ఒక సలహా చెప్పమ్మా. పగలు పడుకునే మొగుడున్నవాళ్లు నీ అందమైన సందులో ఎలా బతకాలి?"

"అక్కా, ఏమైంది?"

"రాత్రి బేకరీ పనిలో మీ బావ రొట్టెల పొయ్యి ముందు నిలబడే కునికాడు. మోచేతి దాకా కాలింది. పగలు కంటిమీద కునుకుంటే కదా! ఒకరు తలుపు కొట్టి మంచినీళ్లు అడుగుతారు, ఇంకొకరు బాత్రూమ్ ఎక్కడంటారు. నిన్నొకామె, ఆరేసిన చీర ఫొటోలో పడుతోంది, కాస్త తీస్తారా అంది. నా చీర, నా వాకిలి!"

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. అక్క నవ్వలేదు.

"కింద ఊళ్లో ఇల్లు చూశాం. నెలాఖరుకి వెళ్లిపోతాం."

సాయంత్రంలోగా ఆమె బోర్డు మీద ఆ వాక్యాన్ని రంగుతో కప్పేసింది. పర్యాటక ఆఫీసు మేనేజరు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "జనం వచ్చేదే ఆ సందు కోసం. అదే చెరిపేశావా, తల్లీ?" ఆమె రంగు డబ్బాకు మూత పెట్టింది. అక్కకి ఫోన్ చేసి చెరిపేశానంది.

"మీ బావ చెయ్యి నిజంగానే కాలింది. ఇప్పుడు ఆకులెందుకే?" అని అక్క పెట్టేసింది.

మర్నాడు భోజనం వేళ ఆమె గబగబా కొండెక్కింది. సందు నిండా జనమే. ఇంటి మెట్ల మీద ఇద్దరు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. కిటికీకి లోపలినుంచి దుప్పటి కట్టి ఉంది. ఆమె సందు మొదట్లో అడ్డంగా నిలబడింది.

"ఇటు దారి లేదండీ."

ఒక పెద్దాయన ఫోన్ తీసి చూపించాడు. అందులో ఆమె బోర్డు, ఆమె గుండ్రటి అక్షరాలు. ఎవరో ఎప్పుడో తీసిన ఫొటో. "ఇది రాసినావిడకి తెలియదంటావా?" అన్నాడు ఆయన.

ఆమె తన అక్షరాలనే ఒకసారి చూసుకుంది. పక్కకి జరిగింది.

అయినా రోజూ అన్నం మానేసి వెళ్లి నిలబడేది. కొందరు మర్యాదగా వెనక్కి తిరిగేవాళ్లు. కొందరు ఇంకోవైపునుంచి తిరిగొచ్చేవాళ్లు. ఒకమ్మాయి మాత్రం, "ఆంటీ, ఫ్రేములోకి వస్తున్నారు," అని చేత్తో సైగ చేసింది. ఆమె జరగలేదు. ఆ అమ్మాయి మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. అంత చిన్న గెలుపుకే ఆమెకు కళ్లు చెమర్చాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే నిలబడితే అక్క మనసు మారుతుందేమో అనిపించింది.

వారం తిరక్కుండానే, ఆమె వచ్చేసరికి కిటికీకి దుప్పటి లేదు. అక్క మెట్ల మీద కూర్చుని చెమట తుడుచుకుంటోంది.

"బావ లేచాడా?"

"కింది ఇంట్లో ఉన్నాడు. నిన్న పొద్దున ఊరికే చూసొద్దామని వెళ్లి, వట్టి నేల మీద చాప పరుచుకున్నాడు. పొద్దు వాలేదాకా కదల్లేదే. ఊపిరాడుతోందో లేదోనని రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను." అక్క నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది.

"మరి నువ్వు? ఈ ఇల్లంటే నీకు ప్రాణం కదా."

"ప్రాణమే. ఏం చెయ్యమంటావు, ఆయన నిద్రని ఇక్కడికి మోసుకు రాలేనుగా."

ఇంతలో ఒక ముసలావిడ, ఆమె కూతురు వచ్చి గడప దగ్గర తటపటాయించారు. లోపల ఒక్కసారి చూడొచ్చా అని కూతురు అడిగింది. వద్దనడానికి చెల్లెలు అడుగు ముందుకేసింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"రండమ్మా, చూడండి," అని లేచి తలుపు బార్లా తీసింది. "జాగ్రత్త, గుమ్మం తగులుతుంది."

వాళ్లు తల వంచుకుని లోపలికి వెళ్లారు. మంచం ఉండే చోట గోడ మీద మరక తప్ప ఏమీ లేదు.

అక్క ఆమె చెయ్యి ఇంకా వదల్లేదు. "పోయి అన్నం తిను," అంది.