పద్నాలుగు మందితో పన్నెండు నిమిషాలు

ఆమె ఓడరేవులో క్రేన్ నడిపేది. పొద్దున్న ఆరింటి నుంచి రెండింటి దాకా కంటైనర్లు దించి, ఆ తర్వాత మైదానానికి వచ్చేది. దేశం తరఫున పదకొండేళ్లు రగ్బీ ఆడింది. అందులో ఆరేళ్లు కెప్టెన్. ఎదురొచ్చినవాళ్లను పడగొట్టే తీరు చూసి జట్టంతా ఆమెను సమ్మెట అని పిలిచేది.

జట్టులో అందరికంటే చిన్నది పిచ్చుక. బంతి చేతికందితే ఇక గాలికి కూడా దొరకదు. ఆ ఏడాది సెమీఫైనల్లో ఇంకా పన్నెండు నిమిషాల ఆట ఉందనగా పిచ్చుక తల అవతలి అమ్మాయి మోకాలికి బలంగా తగిలింది. లేచి నిలబడింది. ఒళ్లు దులుపుకుంది. నేరుగా వెళ్లి అవతలి జట్టు వరసలో నిలుచుంది.

సమ్మెట పరుగెత్తుకెళ్లి ఆమె భుజాలు పట్టుకుంది. "ఇవాళ ఎవరితో ఆడుతున్నామే?"

"బడి అయిపోయిందా అక్కా?" అంది పిచ్చుక.

జట్టు డాక్టర్ వచ్చి కళ్లలో లైటు వేసి చూశాడు. నోరు తెరిచే ముందు ఒకసారి గీత అవతల ఉన్న కోచ్ వైపు చూశాడు. మార్చడానికి బెంచీ మీద ఎవరూ మిగల్లేదు.

"ఆడగలదు," అన్నాడు.

"నా మొహం చూసి చెప్పండి," అంది సమ్మెట.

డాక్టర్ సంచీ మూసుకున్నాడు.

రెండేళ్ల కింద వైస్ కెప్టెన్‌కీ ఇలాగే దెబ్బ తగిలింది. అప్పుడూ ఇదే డాక్టర్, ఇదే మాట. "ఓర్చుకోవే, పది నిమిషాలేగా," అన్నది మాత్రం సమ్మెటే. ఆ వైస్ కెప్టెన్ ఇప్పుడు వెలుతురు పడక పగలు కూడా కిటికీ తెర తియ్యలేదు. కూతురికి ఒక్క పేజీ చదివి వినిపించాలన్నా తల పట్టుకుంటుంది. ఆ మాట ఎందుకన్నావని సమ్మెటను ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండేదని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

పిచ్చుక మణికట్టు పట్టుకుని మైదానం బయటికి నడిపించింది.

"ఎవరు తీసుకురమ్మన్నారు నిన్ను?" కోచ్ అడ్డం వచ్చాడు.

"తప్పుకోండి." ఆమె గొంతు పెంచలేదు. కోచ్ తప్పుకున్నాడు.

పిచ్చుకను మేనేజర్‌కు అప్పగించి, ఆసుపత్రికి పంపించి, వెనక్కి పోయి పదిహేను మంది ఆడాల్సిన చోట పద్నాలుగు మందితో ఆడింది. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

వారం తిరక్కుండానే రగ్బీ సంఘం కార్యదర్శి పిలిపించాడు. బల్ల మీద క్షమాపణ పత్రం టైపు చేసి సిద్ధంగా ఉంది.

"ఆడాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాలి, నువ్వు కాదు. సంతకం పెట్టు, అయిపోతుంది."

"రెండేళ్ల కింద మీ డాక్టర్ మాట విన్నాను. క్షమాపణ చెప్పాల్సింది ఆ అమ్మాయికి. మీక్కాదు."

"కెప్టెన్సీ పోతుంది."

"పోనీండి. తలకాయలు పోవడం కంటే నయం."

"ఆవేశపడకు."

"ఇంకా పడలేదు సార్."

ఆమెను జట్టులోంచే తీసేశారు. దేశం తరఫున యాభై తొమ్మిది మ్యాచ్‌లు ఆడిన ఆమెకు అరవయ్యోది రాలేదు. క్రమశిక్షణ తప్పిన కెప్టెన్ అని పేపర్లు రాశాయి.

నెల తర్వాత పిచ్చుక ఓడరేవు గేటు దగ్గర కాచుకుని ఉంది. తలలో రక్తం గడ్డకట్టిందని, జన్మలో ఇక ఆడకూడదని ఆసుపత్రిలో చెప్పారు.

"నువ్వు లాక్కుపోకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఇవాళ ఆడుతుండేదాన్ని."

"చచ్చుండేదానివి."

"అది నా ఇష్టం."

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది సమ్మెటకు. "తిట్టాల్సిందే నన్ను. కానీ ముందు, ఆడగలవని చెప్పినవాడి దగ్గరికి వెళ్లావా? నా దగ్గరికైతే బస్సెక్కి మరీ వచ్చావ్."

పిచ్చుక గేటు పక్కన అరుగు మీద చతికిలబడి చాలాసేపు ఏడ్చింది. సమ్మెట ఓదార్చలేదు, పక్కన కూర్చుంది.

"స్కాన్ కాగితాలు ఇంట్లో ఉన్నాయి," అంది పిచ్చుక చివరికి.

"పద, తెద్దాం."

వైస్ కెప్టెన్ కూడా నల్లకళ్లద్దాలు పెట్టుకుని వాళ్లతో వచ్చింది. ఆ కాగితాలు పట్టుకుని ముగ్గురూ ఏడు నెలలు సంఘం ఆఫీసు మెట్లు ఎక్కి దిగారు. చివరికి డాక్టర్‌ను తీసేశారు. దెబ్బ తగిలితే జట్టుకు సంబంధం లేని వైద్యుడే చూడాలని నియమం పెట్టారు.

కోచ్ మాత్రం ఇంకా జట్టులోనే ఉన్నాడు. ముగ్గురూ రేపు మళ్లీ ఆఫీసుకు వెళుతున్నారు.