ఇసుకలో దిగని కాళ్ళు

సముద్రం ఎదురుగానే ఉంది గాని అలల చప్పుడు లేదు, అల విరిగే చోట ఇనుము కోసే మిషను రొద వినిపిస్తోంది, నురుగు నిప్పురవ్వలై ఎగిరి ఒడ్డు మీద ఆరిపోతోంది, ఆ రవ్వల మధ్య నుంచి రత్నం ఉయ్యాల స్టాండుని భుజాన వేసుకుని నడుస్తోంది. విప్పి కట్టగట్టిన అల్యూమినియం గొట్టాలు తెడ్ల కట్టలా భుజానికి ఒరుసుకుంటున్నాయి. ఎంత దూరం నడిచినా బరువే తెలియడం లేదు. ఒకసారి కాటా మీద పెట్టి చూడాలి అనుకుంటుంది, అలా అనుకోగానే కాళ్ళ కింద ఇసుక తను పనిచేసే షెడ్డు గచ్చవుతుంది, గచ్చు మీది ఇనపరజను తడిసి మళ్ళీ ఇసుకవుతుంది, కాటా మాత్రం ఎక్కడా కనిపించదు.

తండ్రి కొర్లయ్య ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఆయన పోయి నెలైంది. ఆ సంగతి రత్నానికి కలలో కూడా తెలుసు, తెలిసినా ఆశ్చర్యం కలగడం లేదు, బస్సు ఆలస్యమైన రోజున వీధి మొదట్లో నిలబడి ఎదురుచూసే మనిషిని చూసినట్టే ఉంది. దూరం నుంచి చూస్తే పడవని ఒంటి భుజంతో నీళ్ళలోకి నెట్టిన నాటి కొర్లయ్యే. దగ్గరికి వెళ్తున్న కొద్దీ చిక్కిపోతున్నాడు. ఒక అడుగు వేస్తే బుగ్గలు పోతున్నాయి, ఇంకో అడుగు వేస్తే జబ్బలు పోతున్నాయి. ఆమె ఆగితే ఆయన చిక్కడమూ ఆగుతోంది.

"అక్కడే ఉండిపోనావేటే గుంటా? రా."

"దగ్గరకొస్తే నువ్వు చిక్కిపోతన్నావయ్యా."

"నువ్వు రానప్పుడు కూడా చిక్కినాను కదే," అని నవ్వుతాడు. "రా, కూకో. ఆ భుజాన ఏటది? తెడ్లా?"

"ఉయ్యాల స్టాండు."

"ఓలమ్మ! అయిపోనాదా!"

ఆ ఉయ్యాల ముచ్చట వాళ్ళిద్దరిదీ. పొట్టలో రాచపుండు అని తేలిన తరవాత కొర్లయ్యకి నేల మీద నిద్ర కరువైంది, ఎటు ఒత్తిగిలినా ఎముకలు గుచ్చుకునేవి. పాత వలతో తనే ఒక ఉయ్యాల అల్లుకున్నాడు. కట్టడానికి చెట్టే లేదు, ఒడ్డున ఉన్న సరుగుడు తోట తుఫాను పాలైంది. అయినా ఒకచోట కట్టిపడేసిన ఉయ్యాల ఆయనకి అక్కర్లేదు. నీటి లాగుడుని బట్టి పడవలు ఒకనాడు ఇక్కడ చేరతాయి, ఒకనాడు అల్లంత దూరాన చేరతాయి. అవి ఎక్కడ చేరితే అక్కడికి ఉయ్యాల కూడా రావాలి, అందులో పడుకుని ఎవరి వలలో ఏం పడిందో చూడాలి, పడని వాళ్ళని ఆటపట్టించాలి. వాళ్ళ వంశంలో కాలేజీకి వెళ్ళిన మొదటి మనిషి రత్నం. ఇంజనీరింగు చదివి, గాజువాకలో గేట్లూ షెడ్లూ చేసే చోట పనిలో ఉంది. ఆ చదువుని కొర్లయ్య తన కోసం అడిగిన పని ఈ మోసుకుపోయే స్టాండు ఒక్కటే.

"విప్పు, సూద్దాం," అంటాడు.

రత్నం కట్ట విప్పుతుంది. రెండు వైపులా కత్తెరలా విచ్చుకునే కాళ్ళు, వాటి మీద దూలంలా పడే గొట్టం, మోయడానికి వీలుగా ఆ గొట్టం మూడు ముక్కలు, ఒకదాని మూతిలో ఒకటి దూరుతుంది. అతుకుల దగ్గర పిన్నులు గుచ్చుతుంటే అవి చేతిలోనే చేపముళ్ళు అయిపోతున్నాయి. పరవాలేదు, ముళ్ళయినా పట్టుకుంటాయి అని గుచ్చేస్తుంది. గుచ్చుతూ, పరీక్షలో అడిగిన దానికి జవాబు చెప్తున్నట్టు గబగబా చెప్పుకుపోతుంది: "మొదట ఇనప గొట్టంతో చేశాను, నువ్వు ఎత్తి చూసి, 'బరువే గుంటా, నాను మొయ్యలేను' అన్నావు. అందుకని అల్యూమినియంలోకి మార్చాను. అదీ బరువనిపించింది, గొట్టం పలచన చేశాను, వంగింది. కాళ్ళు పొట్టి చేశాను, నడుం నేలకి తగిలింది. మళ్ళీ మార్చాను..."

"అవునవును. వారం వారం వస్తావు, 'ఇంకాస్త తగ్గిందయ్యా' అంతావు, బస్సెక్కి ఎల్లిపోతావు. అక్కడ నువ్వు దాన్ని తగ్గిస్తన్నావు, ఇక్కడ నాను తగ్గిపోతన్నాను. ఇద్దరికీ పందెం ఎట్టినట్టే! ఆకరికి నానే గెలిసినాను."

రత్నం నవ్వదు. "నువ్వే కదయ్యా, మొయ్యలేనన్నావు."

వల కుట్టే కర్రసూది ఆయన వేళ్ళ మధ్య ఆగిపోతుంది. "నాను మొయ్యలేనన్నాను," అంటాడు. కోపం లేదు ఆ గొంతులో. "నిజమే కదే, అప్పటికి సెంబు కూడా ఎత్తలేను. నువ్వు మోస్తావనుకున్నాను."

అంతే. మిషను రొద కూడా ఆగిపోతుంది, సముద్రం తెల్లకాగితంలా కదలకుండా పరుచుకుని ఉంటుంది, దాని మీద రత్నం గీసిన గీతలే కనిపిస్తాయి, కాళ్ళ కోణం, గొట్టం మందం, అన్నీ ఉన్నాయి, ఆ బొమ్మలో పడుకున్న మనిషి ఒక్కడే లేడు. ఆ ఇనప స్టాండుని ఒక పూట తనే భుజాన వేసుకుని, తండ్రిని చెయ్యిపట్టి నడిపించుకుంటూ పడవల దగ్గరికి తీసుకువెళ్ళి ఉంటే సరిపోయేది. అంత చిన్న సంగతి ఏ లెక్కలోనూ తగల్లేదు.

"అయ్యా, ఒకటి అడుగుతాను, తిట్టకు."

"ఎప్పుడు తిట్టినానే?"

అడగాలంటే సిగ్గు ముంచుకొస్తోంది రత్నానికి. చివరిసారి చేసిన స్టాండు సరిగ్గా కుదిరినప్పుడు, షెడ్డు బయట దాన్ని నిలబెట్టి, కొలత కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న వల ఉయ్యాల తగిలించి, గాలికి అది ఊగుతుంటే సంబరంగా ఫోనులో వీడియో తీసి ఇంటికి పంపింది. తల్లి పోలమ్మ చూసి గుండెలు బాదుకుంది. ఖాళీ ఉయ్యాల ఊగకూడదని వాళ్ళలో పట్టింపు, ఊగితే అందులో పడుకోవలసిన ప్రాణానికి చేటు. రెండో రోజే కొర్లయ్య పోయాడు. కర్మకాండకి వచ్చిన చుట్టాలందరి ముందూ పోలమ్మ అనేసింది: "కాలీ ఉయ్యాల ఊపింది, మనిషిని ఊడ్చుకుపోనాది." అవి నమ్మే చదువు కాదు రత్నానిది. కాని ఆ మాట చేపముల్లులా గొంతులో ఉండిపోయింది, మింగుడు పడదు, బయటికి రాదు.

"అది... కాలీగా ఊగబట్టేనా నువ్వెళ్ళిపోయావు?"

కొర్లయ్య కళ్ళు పెద్దవి చేసి చూసి, పకాలున నవ్వుతాడు. "ఆ పట్టింపు సంటిగుంటలకి కదే! నానేటి, పాలు తాగే గుంటనా? మీసాలు నెరిసిపోనాయి!"

"మరి అమ్మ..."

"మీయమ్మకి ఎవుల మీదో ఒకలి మీద ఎయ్యాల కదా. డాట్రుని తిడితే ఊరుకుంతాడా? అమ్మోరిని తిడితే బయ్యం. నువ్వు దొరికినావు." కర్రసూది చెవి మీద దోపుకుని లేస్తాడు. "లెగు. నాను సెప్తే నమ్మవు, ఎక్కి సూపిస్తాను."

ఎప్పుడు తగిలించాడో, స్టాండుకి వేలాడుతున్న ఉయ్యాలలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుంటాడు. రత్నం చూపు అలవాటుగా స్టాండు కాళ్ళ మీదికి పోతుంది. ఇసుకలో దీనికి అదొక్కటే లోపం, మనిషి ఎక్కితే కాళ్ళు దిగబడతాయి. అడుగున వెడల్పు రేకులు బిగించాలని అనుకుంటూ ఉండగానే ఆయన పోయాడు. ఇప్పుడు ఆ కాళ్ళు దిగడం లేదు. ఇసుక మీద పక్షి వాలినట్టు ఆనీ ఆననట్టు ఉన్నాయి, పక్కన ఒక్క రేణువైనా కదల్లేదు. వల కూడా కిందికి సాగలేదు.

"ఎలగున్నాదయ్యా?"

"సానా బాగున్నాది. తేలిగ్గా ఉన్నాదే!"

ఈ ఒక్క మాట కోసమే ఇన్నాళ్ళూ గొట్టాలు కోసింది. ఇప్పుడా మాట వినగానే రత్నానికి ఏడుపొస్తుంది. గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒంట్లో బలమంతా పెట్టి కిందికి అదుముతుంది.

"ఏటి సేస్తన్నావే?"

"కాళ్ళు దిగడం లేదయ్యా."

"దిగకూడదనే కదే నీ తాపత్రయం?"

"దిగాలయ్యా. మనిషి పడుకుంటే కాస్తయినా దిగాలి."

కొర్లయ్య చెయ్యి బయటికి చాపి ఆమె తల మీద వేస్తాడు, ఆ చేతికీ బరువు లేదు, సముద్రపు గాలంత ఉంది. "సర్లే, ఊపు," అంటాడు. "ఎక్కించేసి అలగ ఊరుకుంతారేటి?"

రత్నం ఊపుతుంది. ఉయ్యాల నీళ్ళ మీదికి పోయి వస్తుంది, గొట్టం కిర్రుమంటుంది, ఈసారి ఇంకా దూరం పోతుంది, పడవలన్నిటినీ దాటి పోయి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ అందులో మనిషి పలచనవుతున్నాడు, గొంతు మాత్రం కిర్రుమనే చప్పుడులో కలిసి వినిపిస్తోంది, "కాలీగా ఉంచకే దాన్ని... కాలీగా ఉంచకు..." ఆ తరవాత వల ఒక్కటే తిరిగొస్తుంది. ఒట్టి వల. దాన్ని ఆపాలని రత్నం పరుగెడుతుంది, చేతులు చాపుతుంది, చేతులు అందవు, అది కిర్రుమంటూ ఊగుతూనే ఉంటుంది.

కళ్ళు తెరిచేసరికి చెంప కింద చాప గుచ్చుకుంటోంది. ఎండ వాకిట్లోంచి అరుగు దాకా వచ్చేసింది. తండ్రి నెల మాసికానికి వచ్చి, భోజనాలయ్యాక, మధ్యాహ్నం అలా ఒరిగి నిద్రపోయింది. పొద్దున స్టాండు తెచ్చినప్పుడు, "దాన్ని గడప లోపలికి తేకు," అంది తల్లి. ఏం చెయ్యాలో తోచక ఇంటి ముందు ఇసుకలోనే నిలబెట్టి, కొర్లయ్య అల్లిన ఉయ్యాల దానికి తగిలించింది. పోలమ్మ మొహం తిప్పుకుని లోపలికి పోయింది.

కిర్రుమనే చప్పుడు ఆగలేదు.

రత్నం దిగ్గున లేచి కూర్చుంది. ఉయ్యాలలో పోలమ్మ ముడుచుకుని పడుకుని ఉంది, చీర కొంగు మొహాన కప్పుకుని. ఒక కాలు బయటికి వేలాడేసి, ఇసుక మీద మునివేళ్ళతో నెమ్మదిగా తన్నుకుంటోంది.

"అమ్మా."

"గాలికి ఊగతన్నాదే," అంది పోలమ్మ కొంగు తియ్యకుండానే. "కాలీగా ఊగుతుంటే సూడలేకపోనాను."

రత్నం అరుగు దిగి వెళ్ళి ఉయ్యాల పక్కన ఇసుకలో కూర్చుంది. తల్లి వంక చూడలేక స్టాండు కాళ్ళ వంక చూసింది.

పోలమ్మ కొంగు తప్పించి అడిగింది, "ఏటలగ సూస్తన్నావు? కాళ్ళు దిగబడిపోనాయా?"

"దిగాయమ్మా."

"లెగిపోనా మరి?"

"వద్దు. పడుకో."

గొట్టం కాళ్ళు నాలుగూ బెత్తెడు లోతున దిగి ఉన్నాయి. ఒక కాలి చుట్టూ పైకి లేచిన ఇసుక ఇంకా జారుతోంది. రత్నం దాని మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది.