మిరియం తల సిపాయి

చిక్కబళ్ళాపుర జిల్లా అయిన ఏడాది, ఆయుధ పూజకు ముందు రోజు సాయంత్రం, నేను ఒక సైన్యాన్ని సంచిలో పెట్టుకుని మా ఊరు చింతామణికి బస్సెక్కాను. సైన్యం ఇంకా ముక్కలుగానే ఉంది. తలలు, చేతులు, ఈటెలు అన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఒక అట్టపెట్టెలో పడుకుని ఉన్నాయి.

బెంగళూరు ఆఫీసులో నందకిశోర్ నా పై అధికారి. వాళ్ళ ఇల్లు చిక్కబళ్ళాపురలో. ఆదివారాలు ఆ ఇంటి మేడమీద ఆఫీసు మిత్రులు కొందరు చేరి, బల్ల మీద బొమ్మ సైన్యాలను నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధం ఆడేవారు. సోమవారం టీ దగ్గర ఆ యుద్ధం గురించే మాటలు. ఏడాదిగా నేను ఆ మాటల పక్కన గ్లాసు పట్టుకుని నిలబడేవాణ్ణి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. పని ఎలా చేయాలో కాలేజీలో నేర్పారు గానీ, టీ దగ్గర ఏం మాట్లాడాలో ఎవరూ నేర్పలేదు. అందుకే నందకిశోర్ "ఈ ఆదివారం ఒక చోటు ఖాళీగా ఉంది, వస్తావా?" అన్నప్పుడు ఆయన మాట పూర్తయ్యేలోగా సరే అన్నాను.

ఆయన స్నేహితుడెవరో విదేశం నుంచి తెచ్చిన పెట్టెలు మూడు నా ముందు పెట్టి, ఒకటి ఎంచుకోమన్నాడు. మొదటిది ఎముకల గూళ్ళ సైన్యం. చావు లేనివాళ్ళట. మా అమ్మ మునివెంకటమ్మ వాళ్ళను గడప దాటనివ్వదు. రెండోది కొమ్ముల రాక్షసులు. వాళ్ళు లోపలికి వస్తే నేను బయట పడుకోవాల్సి వస్తుంది. మూడోది ఈటెలు పట్టుకుని కాలినడకన పోయే సాదా సిపాయిలు.

"మూడింట్లో బలం లేనిది ఇదే నందీశ్," అన్నాడు నందకిశోర్.

"పర్వాలేదు సార్. ఇంట్లో పెట్టుకోవచ్చు."

"ఒక్క సంగతి. ప్రతి బొమ్మకూ కనీసం మూడు రంగులు ఉండాలి. లేకపోతే బల్ల ఎక్కనివ్వరు. రూల్స్ చూసేది మా నాన్న. ఆయన దగ్గర నా మాట చెల్లదు."

ఇంటికి చేరి, పంచలో చాప పరచి, బ్లేడుతో ముక్కలు కోస్తుంటే అమ్మ వచ్చి నిలబడింది.

"ఏమిరా ఇది?"

"సైన్యమమ్మా. ఆఫీసు వాళ్ళతో ఆడేదానికి."

"తలకాయలు యాడ?"

"ఇంకా అతికించలేదు."

"తల లేని బొమ్మలు ఇంట్లో ఉండకూడదురా, అందునా పండగ పూట. ముందు తలకాయలు పెట్టు. కాళ్ళు నిదానంగా పెడుదువు."

పెట్టెలోని కాగితంలో కాళ్ళతో మొదలుపెట్టమని ఉంది. నేను అమ్మ చెప్పినట్టే చేశాను. కాళ్ళు లేని సిపాయిలు నడుముల మీద కూర్చుని నన్ను చూస్తుండగా, మా నాన్న బయ్యప్ప పిండి మిల్లు మూసి, మీసాల నిండా పిండితో వచ్చాడు.

"నిన్ను బీఎస్సీ చదివించింది దీనికేనా?"

"నీకు తెల్దు, ఊరికే ఉండు," అంది అమ్మ. "వాళ్ళ ఆఫీసరుతో ఆడేదంట."

"అట్లయితే ఓడిపోరా. ఆఫీసర్లను గెలవకూడదు."

అన్నీ అయ్యేసరికి ఒక తల తగ్గింది. బండల సందులోకి దొర్లిపోయినట్టుంది, ఎంత వెతికినా దొరకలేదు. అమ్మ పోపుల డబ్బాలోంచి ఒక మిరియం గింజ తెచ్చింది. "ఇది సరిపోతాదేమో చూడు." జిగురు పెట్టి నొక్కితే సరిగ్గా కూర్చుంది.

నాన్న దాన్ని దీపం దగ్గర పట్టుకుని చూశాడు. "వీనికి వయసైపోయిండాది. సైన్యంలో యాల పెట్టుకున్యారో."

మరునాడు ఆయుధ పూజ. రోజంతా కూర్చుని రంగులు వేయాలని నా ఆలోచన. పొద్దున్నే సిపాయిల పాదాల కింది బిళ్ళలకు జిగురు రాసి, ఇసుక చల్లుదామనుకునేలోగా నాన్న బూడిద గుమ్మడికాయ తెమ్మని బజారుకు పంపాడు. కాయ భుజాన పెట్టుకుని తిరిగి వచ్చేసరికి పంచలో చాప ఖాళీగా ఉంది.

సైన్యం మిల్లులో ఉంది. పిండి పెట్టె మీద వరుసగా నిలబడి, ఒళ్ళంతా పసుపు నీళ్ళతో, గుండెల మీద కుంకుమతో మెరుస్తోంది. పక్కన నాన్న స్పానర్లు, బెల్టు. వాటి పక్కన నా రంగు సీసాలు, కుంచెలు. వాటికీ బొట్లు పెట్టి ఉన్నాయి.

"అమ్మా, వీళ్ళు ఇక్కడ యాలమ్మా?"

"ఆయుధాలు పట్టుకోని నిలబడుకోనుండారు కదరా. స్పానర్లకు పూజ చేసి ఈటెలకు చేయకుంటే ఎట్ల?"

"నేనింకా రంగు వేయాల."

"పూజలో పెట్టినవి రేపు పొద్దున దాకా కదిలించకూడదు. రంగూ కుంచే కూడా పూజలోనే ఉండాయి, చూడు."

చూశాను. సాయంత్రం దాకా వచ్చి వచ్చి చూశాను. దేవుడి ముందు పెట్టినవాటిని తీసి అమ్మ మాట కాదనడం నాకు చేతకాలేదు. ఆదివారం తెల్లవారి నాన్న మళ్ళీ టెంకాయ కొట్టి "ఇంక తీసుకో" అన్నప్పుడు, రంగు వేసి ఆరబెట్టే వ్యవధి లేదు. ఉన్నవాళ్ళను ఉన్నట్టే పెట్టెలో సర్దుకుని చిక్కబళ్ళాపుర బస్సెక్కాను.

నందకిశోర్ నాన్న వాసుదేవమూర్తిగారు సంస్కృతం మేష్టరుగా చేసి రిటైరయ్యారు. రూల్స్ పుస్తకానికి అట్ట వేసి, ఒడిలో పెట్టుకుని బల్ల పక్కన కూర్చున్నారు. బల్ల మీద మిగతా సైన్యాలు పట్టు బట్టల్లా మెరుస్తున్నాయి. ఆయన నా సిపాయిని ఒకణ్ణి పట్టుకుని కళ్ళద్దాలు పైకి నెట్టారు.

"ఇది పసుపు. ఇది కుంకుమ. ఏమప్పా, ఇది రంగా, పూజా?"

"పూజే సార్. రంగు వేయలేకపోయాను. ఇది మా అమ్మ పెట్టింది."

"నాన్నా, అది పెయింట్ కాదు," అన్నాడు నందకిశోర్.

"పెయింట్ అని యాడ ఉండాదిరా? పుస్తకంలో మూడు రంగులు అన్నాడు. ఏ రంగు, ఎవరు పెట్టినారు అని అడగలేదు. గ్రంథంలో లేనిదాన్ని మనం చేర్చకూడదు."

"సరే. ఉండేది రెండే కదా."

వాసుదేవమూర్తిగారు సిపాయిని అటూ ఇటూ తిప్పి చూశారు. "రెండే," అని ఒప్పుకున్నారు. "ప్లాస్టిక్ రంగు దానంతట అదే వచ్చింది. లెక్కకు రాదు."

నేను పెట్టె మూత చేతిలోకి తీసుకున్నాను. సోమవారం టీ గ్లాసు కళ్ళ ముందు కనిపించింది. ఆయన సిపాయిని నాకు తిరిగి ఇవ్వబోతూ తన బొటనవేలికి అంటిన పొడిని చూసుకున్నారు. తర్వాత సిపాయి పాదాల కింది బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఈ మట్టి రంగు ఏమప్పా?"

"రాగుల పిండి సార్. జిగురు ఆరకముందే మిల్లులో నిలబెట్టారు."

"మూడోది," అని ఆయన వాణ్ణి బల్ల మీద నిలబెట్టారు. తర్వాత ఒక్కొక్కణ్ణి వాసన చూసి ఎక్కించారు. చివరివాడి దగ్గర ఆగారు. "వీని తల?"

"మిరియం సార్."

ఆయన పుస్తకం తెరిచి చాలా పేజీలు తిప్పారు. "తల దేనితో చేయాలని యాడా చెప్పలేదు," అని వాణ్ణీ పెట్టారు.

భోజనాల వేళకు ముందే నేను ఓడిపోయాను. నందకిశోర్ పడిపోయిన నా సిపాయిలను పక్కకు తీసి, అదే చేత్తో తన తెల్ల గుర్రాలను జరిపి, వాటికీ పసుపు పూశాడు. గెలిచిన సైన్యం పెళ్ళి నుంచి వచ్చినట్టు ఉందని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చివరిదాకా కింద పడనివాడు మిరియం తలవాడొక్కడే. నేను పెట్టె సర్దుతుంటే నందకిశోర్ వాణ్ణి తీసి అలమరలో పెట్టాడు.

"వీణ్ణి ఇక్కడే ఉంచుకుంటాను. వచ్చే ఆదివారం వచ్చి తీసుకుపో."

ఇంట్లో అమ్మ గడప దగ్గరే అడిగింది. "గెలిస్తివా?"

"లేదమ్మా, ఓడిపోయినా."

"మంచి పని," అన్నాడు నాన్న లోపలి నుంచి.

అమ్మ పెట్టె తెరిచి చూసింది. "మిరియం వాడు యాడ?"

"అక్కడే ఉండాడు. పిలుచుకోని పోయేదానికి మళ్ళీ ఆదివారం రమ్మన్యారు."

"పరాయి ఇంట్లో ఒగణ్ణే వదిలితివా? వారం దినాల్లో తల ఊడిపోతే ఎవురు పెడతారు?" అంటూ లోపలికి పోయి, కాగితంలో మిరియాలు కట్టి తెచ్చి నా చొక్కా జేబులో పెట్టింది.

సోమవారం టీ దగ్గర నందకిశోర్ నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. "మీ మిరియం వాడు బాగున్నాడు. పొద్దున మా నాన్న వాడికి బొట్టు పెట్టారు."

నేను జేబులోంచి పొట్లం తీసి ఇచ్చాను.

"ఏంటిది?"

"తలకాయలు సార్," అన్నాను.