పులి పేజీ

బట్టలు ఆరేసి వచ్చిన శ్రీదేవి గుమ్మంలోనే నిలబడిపోయింది. నీళ్ల బిందె వెనక నుంచి నాగుపాము మంచం వైపు మెల్లగా వస్తోంది. మంచం మీద ఐదేళ్ల కూతురు సాహిత్య బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అడవి పక్కనున్న పినపాక ఇళ్లకు వానాకాలంలో ఈ చుట్టాలు పిలవకుండానే వస్తారు. వస్తే వచ్చింది, పిల్ల ఒక్కతే ఉన్న గదిలోకేనా రావడం?

వెనక నుంచి అత్త గురవమ్మ చూసింది. "హేమ్లాను తోల్కొస్త" అని గొణిగి, పాములు పట్టే హేమ్లా ఇంటికి చెప్పులైనా లేకుండా ఉరికింది.

శ్రీదేవి లోపలికి అడుగెత్తింది. పాము పడగ విప్పేసరికి అక్కడే ఆగింది.

"అక్కడ్నుంచే కథ చెప్పమ్మా" అంది సాహిత్య. "చూడకుంట చెప్పాలె."

ఇది వాళ్ల ఆటే. పేజీలు తిప్పేది పిల్ల, అప్పజెప్పేది తల్లి. మధ్యమధ్య పిల్ల ఊకొడుతుంది. ఒక్క మాట మారినా మాత్రం ఇల్లు పీకి పందిరేస్తుంది. కథ వింటున్నంతసేపైనా మంచం దిగదని శ్రీదేవి మొదలుపెట్టింది.

"అనగనగా ఒక గూడెంల ఒక పిల్ల. ఇప్పపూలకు అడవికి పోయింది..."

"ఊ."

శ్రీదేవి గూడెం పిల్లను ఏరు దాటించింది, కోతితో మాట్లాడించింది. ఇక వచ్చేది పులి పేజీ. పులి ఎదురైతే ఆ పిల్ల తిరిగి గాండ్రిస్తుంది. అక్కడ సాహిత్య మంచం మీంచి దూకి, నేల మీద పాకుతూ గాండ్రించాలి. ఆ ఆట నేర్పినందుకు శ్రీదేవి తనను తానే తిట్టుకుంది.

పేజీ తిరిగింది.

"పులి... పులి పండుకున్నది. పిల్ల సప్పుడు చెయ్యకుంట చెట్టెక్కింది. కాళ్లు మీదికి ముడుచుకున్నది."

గట్ల కాదని ఇప్పుడు పిల్ల అరుస్తుంది, దూకుతుంది అనుకుంది శ్రీదేవి.

"ఊ" అని సాహిత్య కాళ్లు ముడుచుకుంది.

కథలో లేని పిట్టలనూ కొమ్మలనూ కల్పించి చెబుతుండగా హేమ్లా వచ్చాడు. పాము సంచిలోకి వెళ్లాకే శ్రీదేవి కాళ్లు కదిలాయి. బిడ్డను వాటేసుకుని బావురుమంది.

"కథ మార్చి చెప్పిన గద. గట్ల కాదని ఎందుకు అనలేదే?"

"పామును నీకంటే ముందే చూసిన" అంది సాహిత్య. "కథ ఆపితే నువ్వు లోపలికి ఉరికొస్తవని ఊకొట్టిన."