తూనీగ దగ్గర శిష్యరికం

పళ్ల ఆస్పత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చునే ఆవిడకు ఎదుటివాళ్ల మాట సగంలోనే అందుకోవడం బాగా అలవాటు. మత్తు సూది వేయించుకున్నవాళ్లు మొద్దుబారిన మూతితో "మయ్యీ... ఎఫ్ఫు..." అంటూ ఉండగానే, "మళ్లీ ఎప్పుడు రావాలనేగా? బుధవారం పదింటికి" అనేసేది. "నువ్వుంటే వచ్చినవాళ్లకి నోటితో పనే లేదు" అని డాక్టరమ్మ నవ్వేది. ఆవిడ దాన్ని మెప్పుగానే తీసుకునేది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, తనూ ఇరవై రెండేళ్ల కూతురూ. కూతురికి చిన్నప్పటినుంచీ నత్తి. పిల్ల ఏదో ఒక అక్షరం దగ్గర చిక్కుకుని, మెడ నరాలు బిగబట్టి, కళ్లు గట్టిగా మూసుకుంటే తల్లి ప్రాణం విలవిల్లాడేది. ఆ మాట తనే అనేసి పిల్లను గట్టెక్కించేది. పంతుళ్ల దగ్గరా, చుట్టాల దగ్గరా, ఫోన్లోనూ అంతే.

కూతురు డిగ్రీ ముగించి, ఇంట్లోనే కూర్చుని ఒక సంస్థకు భూపటాలు సరిచూసే పని చేస్తోంది. ఖాళీ దొరికితే నల్లటి తెర ముందు కూర్చుని టకటకా ఏదో కొడుతుంది. తెర మీద బొమ్మా లేదు, రంగూ లేదు, అన్నీ అక్షరాలే. "ఏమిటే అది?" అని తల్లి అడిగితే, "ఆ... ఆ..." అనేసరికే "ఆఫీసు పనా? సరే కానీ" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఒకరోజు బల్ల తుడుస్తుంటే ఒక కాగితం కనిపించింది. కూతురి దస్తూరీలో ఒక ఇంటర్నెట్ ఆట చిరునామా, కింద "తూనీగ. రెండు నుంచి నాలుగు వరకు కొత్తవాళ్లకు దారి చూపాలి" అని ఉంది. తూనీగ ఎవరో చెప్పక్కర్లేకుండానే తెలిసింది. చిరునామా రాసుకుని సంచిలో వేసుకుంది.

ఆస్పత్రి మధ్యాహ్నం మూసి, నాలుగున్నరకు మళ్లీ తెరుస్తారు. ఇంటికి రెండు బస్సులు మారాలి కాబట్టి ఆవిడ అక్కడే ఉండిపోతుంది. ఆ వేళ బల్ల మీది కంప్యూటర్లో ఆ చిరునామా కొట్టింది. పిల్ల ఏం చేస్తోందో ఒక్కసారి చూసి వచ్చేద్దామనే ఉద్దేశం. ఆట ఆవిణ్ణి పేరు అడిగింది. ఎదురుగా ఉన్న డబ్బాకేసి చూసి "దూది" అని కొట్టింది.

"నువ్వు కోటగుమ్మం ముందు ఉన్నావు. ఉత్తరాన వీధి. తూర్పున కావలివాడు. ఇక్కడ తూనీగ నిలబడి ఉంది."

ఆ చివరి వాక్యం ఆవిడ రెండుసార్లు చదివింది. అంతలోనే మరో వరుస పడింది.

"రండి దూదిగారూ! మొదటిసారా? ఇక్కడ బొమ్మలుండవు. నెమ్మదిగా చదివితే అవే కళ్లకు కడతాయి. 'చూడు' అని కొట్టండి, చుట్టూ ఏముందో చెబుతుంది. 'ఉ' కొడితే ఉత్తరానికి నడుస్తారు. మాట్లాడాలంటే ముందు 'చెప్పు' అని పెట్టండి, లేకపోతే ఎవరికీ వినబడదు. ఇంతకీ ఈ ఆట మీకెవరు చెప్పారు?"

'నేనే తల్లీ, అమ్మని' అనాల్సింది అప్పుడే. "చెప్పు స్నేహితురాలు" అని కొట్టింది.

ఆ రోజు తూనీగ ఆవిడకు దీపం తీసుకోవడం, వెలిగించడం, సంచిలో ఏముందో చూసుకోవడం నేర్పింది. సామాన్లు కొనుక్కోమంటే ఆవిడ దుకాణానికి వెళ్దామని "కొట్టు" అని టైపు చేసింది. ఆట దాన్ని మరోలా అర్థం చేసుకుంది. దూది వెళ్లి కావలివాడిని ఒక్కటి పీకింది. వాడు కత్తి దూశాడు. దూది చచ్చిపోయింది.

"అయ్యో, నేనేం చేశానండీ?"

"కొట్టుకెళ్లబోయి కొట్టారు! ఏం ఫర్లేదు, మొదటిరోజు అందరం చస్తాం. నేనైతే మూడుసార్లు చచ్చాను. గుమ్మం దగ్గర మళ్లీ లేస్తారు, నేనిక్కడే ఉంటాను."

ఖాళీ ఆస్పత్రిలో ఆవిడ ఒక్కతే పగలబడి నవ్వింది. తన పిల్ల ఇంత సరదా మనిషని ఆవిడకు తెలియదు. రేపు చెప్పేద్దామనుకుంది. ఆ రేపు మూడు వారాలైనా రాలేదు. సాయంత్రం ఇంటికెళ్తే కూతురు మంచినీళ్లిచ్చి తన పనిలో పడేది. తల్లి ఆ మొహంలోకి చూడలేక గిన్నెలు తోముతూ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం ఆటలో అయిదుగురు కలిసి కొండ కింది గుహలోకి దిగారు. వాళ్లలో ఒకాయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టే మనిషి. ఆయన ఏదో చెప్పబోతుంటే మరొకడు "తెమలండి సార్, తలుపు తీయమనేగా?" అన్నాడు.

"ఆగండి. ఆయన మాట ఆయన్ని పూర్తి చెయ్యనివ్వండి" అంది తూనీగ.

అందరూ ఆగారు. చాలాసేపటికి ఆయన మాట వచ్చింది. ఆయన చెప్పబోయింది తలుపు తీయొద్దని. తలుపు వెనక నీళ్లున్నాయట.

తర్వాత గుహ బయట చలిమంట దగ్గర ఇద్దరే మిగిలినప్పుడు దూది అడిగింది. "మీకింత ఓపిక ఎక్కడిదండీ?"

"నాకు నత్తి దూదిగారూ. ఇక్కడ తెలియదు కదా! ఇంట్లో మా అమ్మ నా మాటలు తనే పూర్తి చేసేస్తుంది. ప్రేమతోనే, ఆవిణ్ణి ఒక్క మాట అనలేను. కాలేజీలో చేరేటప్పుడు ఏ సబ్జెక్టు అనడిగారు. నాకు రాళ్లంటే పిచ్చి. 'భూ... భూ...' అంటున్నాను, వెనక లైనుంది. మా అమ్మ 'భూగోళశాస్త్రం అండీ' అంది. నేను అనబోయింది భూగర్భశాస్త్రం. వాళ్లు రాసేసుకున్నారు. మూడేళ్లూ అదే చదివాను."

ఆ కాలేజీ ఆఫీసు కిటికీ ఆవిడకు గుర్తుంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వడమూ, పిల్లను అవమానం నుంచి తప్పించానని బస్సులో తను పొంగిపోవడమూ గుర్తున్నాయి. ఆ రోజు ఇంటిదాకా పిల్ల ఒక్క మాటా మాట్లాడలేదు. అలసిపోయిందనుకుంది.

"దూదిగారూ, ఉన్నారా?"

జవాబివ్వకుండా కంప్యూటర్ కట్టేసింది.

నాలుగు రోజులు ఆట తెరవలేదు. చేసిన తప్పు ఒకటి కాదు. పాతది తెలియక చేసింది, కొత్తది తెలిసి తెలిసి చేసింది. చెబితే పిల్లకున్న ఆ ఒక్క చోటూ పోతుంది. చెప్పకపోతే రోజూ దొంగలా దాని మనసులోకి తొంగిచూడటమే. ఆదివారం పొద్దున, కూతురు తల దువ్వుకుంటుంటే వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"అమ్మలూ, దూది నేనే."

దువ్వెన ఆగిపోయింది. పిల్ల మొహం తెల్లగా పాలిపోయి, తర్వాత ఎర్రబడింది.

"ను... ను... ను..."

తల్లికి నాలుక చివరికి పది మాటలొచ్చాయి. రెండు చేతులూ ఒళ్లో బిగించి కూర్చుంది. పిల్ల మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు మూసుకుంది, మళ్లీ తెరిచింది. మాట అందించకుండా చూస్తూ ఉండటం ఎంత కష్టమో ఆవిడకు మొదటిసారి పూర్తిగా తెలిసింది.

"నువ్వు అ... అక్కడికి కూడా వ... వచ్చేశావా?"

అంతే అంది. లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

పన్నెండు రోజులు ఆ ఇంట్లో టకటకలు వినిపించలేదు. ఆస్పత్రిలో ఒకసారి, దూదిని చెరిపేద్దామని, ఆవిడ ఆట తెరిచింది. కోటగుమ్మం పలక మీద ఎవరెవరో రాశారు. "తూనీగ కనబడటం లేదు, ఎవరికైనా తెలుసా?" "నాకు దారి చెప్పినావిడ ఏమైంది?" గుమ్మం దగ్గర ఎవరో కొత్త మనిషి "హలో, ఎవరైనా ఉన్నారా" అని అడుగుతున్నాడు. తనకు తెలిసినంతలో చెప్పవచ్చు. కానీ ఆ చోటు తనది కాదు. "దూదిని శాశ్వతంగా చెరపమంటావా?" అని ఆట అడిగింది. "అవును" అని కొట్టింది.

"భూగర్భశాస్త్రం ఇప్పుడైనా చదువుతావా? నేను వెంట రాను" అని ఒక సాయంత్రం అడిగింది. కూతురు తల కాస్త ఊపింది, వద్దనో ఆలోచిస్తాననో తెలియలేదు. రెట్టించలేదు.

పదమూడో రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గదిలోంచి టకటకమని చప్పుడు. తల్లి గుమ్మం దాకా వెళ్లి ఆగింది. తెర కనబడకుండా కూతురు కాస్త పక్కకు జరిగింది.

"వే... వేరే పేరుతో చేరాను. ఏ పేరో అ... అడక్కు."

"అడగను."

"రావొద్దు కూడా."

"రాను తల్లీ."

కూతురి మాటలో కోపం ఎంతుందో, అసలు ఉందో లేదో ఆవిడకు అర్థం కాలేదు. తలుపు సగం దగ్గరకు వేసి వచ్చేసింది.