తెర అంచున కుంకుమ

పక్క గది టీచర్ అశ్రితకు అప్పగించేస్తే పీడ వదులుతుంది, పదో తరగతి కాంతి పాఠాలు ఆమే చెప్పుకుంటుంది, భోజన విరామం ముగిసేలోగా హెడ్మాస్టరుతో సరేనంటే చాలు, జుట్టు నెరిసేదాకా శామీర్‌పేట పిల్లలకు కిరణాలు గీసిన చెయ్యి ఇది, స్కేలు లేకుండా సుద్దముక్కతో గీసినా వంక పెట్టినవారు లేరు, ఇప్పుడు ఖాళీ తరగతిలో ఈ డిజిటల్ బోర్డు ముందు నిలబడితే పద్మలతకు తన వేలే పరాయిదిగా తోస్తోంది, పొద్దున గీసిన కిరణం దర్పణాన్ని చేరకుండా కుడి మూలకు పరుగెత్తింది, పిల్లలు గొల్లుమన్నారు, టీచర్, గీ బోర్డు మీతోని పరాష్కాలాడుతాంది, అంది ముందు వరుస సుస్మిత, మేడం చెయ్యి వణుకుతాందే, అని వెనక బెంచీ నుంచి ఇంకెవరో, ఆ రెండో మాటే గుచ్చుకుంది, నిజంగా వణుకుతోందా, పక్క గదిలో అశ్రిత బోర్డు దసరా తర్వాత వచ్చింది, అది ఆమె చెప్పినట్టల్లా వింటుంది, మీరు పరేషాన్ గాకుండ్రి మేడం, నేను జూస్కుంట, అని ఎంత మర్యాదగా అంది.

ఒక్కసారి, చివరిసారి, గీత మొదలుపెట్టింది, మళ్లీ అదే మూలకు, విసిగి చెయ్యి తీసేసింది, తీసేసినా మూలలో గీత కదులుతూనే ఉంది, ముట్టుకున్నవారు లేకుండానే, అంటే వేలు కాదు, వణుకూ కాదు, మరేమిటి, దగ్గరికెళ్లి చూస్తే ఫ్రేము లోపలి అంచున ఎండి పెచ్చు కట్టిన కుంకుమబొట్టు, ఆయుధపూజ నాడు హెడ్మాస్టర్ రాఘవేందర్ గిన్నె తన చేతికే ఇచ్చారు, గిది సైన్సు మేడమే వెట్టాలె, అంటే అందరూ నవ్వారు, నమ్మకం లేకపోయినా పండుగపూట వాదనెందుకని తనే తడిపి గట్టిగా అద్దింది, మేడ్చల్ శిక్షణలో చెప్పనే చెప్పారు, ఈ అంచు నుంచి ఆ అంచుకు కంటికి కనబడని కాంతి ప్రసరిస్తుందని, వేలు అడ్డు వస్తే బోర్డుకు స్పర్శ తెలుస్తుందని, అప్పుడు తను పాస్‌వర్డు రాసుకునే కంగారులో ఉంది, ఇన్నాళ్లూ బోర్డు బొట్టును వేలనుకుంది, తనేమో వేలిని దోషి అనుకుంది.

చేతిరుమాలు తడిపి తుడిచింది, మూలలో గీత ఆగింది, అంత మాత్రాన నమ్మలేదు, అదే అంచున సుద్దముక్క ఆనించి చూసింది, గీత మూలకు పాకింది, తీసింది, ఆగింది, మళ్లీ ఆనించింది, పాకింది, మీటరు ముల్లు తప్పు చూపితే ముందు పరికరాన్ని అనుమానించండని పిల్లలకు నేర్పిన మనిషి దీని ముందు మాత్రం చేతులు కట్టుకుని ఎందుకు నిలబడింది, బొట్టు పెట్టిన రోజే కాబోలు ఇది పరికరమని మరిచిపోయింది, బయట గంట మోగుతోంది, పిల్లల అడుగులు వరండాలో, పాఠం ఎవరికీ అప్పగించనక్కర్లేదు, కిరణం గీసి కాదు, ఈ సుద్దముక్కను అంచున అడ్డం పెట్టి, ఎందుకిలా అవుతోందని వాళ్లనే అడిగి మొదలుపెట్టాలి.